తుఫాను షెల్టర్లో వంతెన

శనివారం పొద్దున్నే తుఫాను షెల్టర్ ఊడవడం కెజియా పని. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఏటిమొగపాలెంలో దాన్ని పుచ్చుకోడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆ హాలు ఊడవడం మామూలు హాలు ఊడ్చినట్టు కాదు మరి. గుమ్మం దగ్గర ఒళ్ళు పక్కకి తిప్పుకుని లోపలికి దూరాలి. కుడివైపు ఐస్ ఫ్యాక్టరీ ఉంటుంది, చీపురు దాని చుట్టూ తిప్పాలి. కిటికీ కింద జూనియర్ కాలేజీ. అది అంత ఎత్తేమీ కాదు గానీ, చూసుకోకపోతే మోకాలు కొట్టుకుంటుంది. తూర్పు గోడ పొడవునా వంతెన ఉంటుంది. అటువైపు చీపురు పోనే పోదు. ఆ గోడ మొదలు ఎట్లా ఉంటుందో చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఇవేవీ కంటికి కనపడవు. చెయ్యి పెడితే మాత్రం చీకట్లో వడ్లబస్తా తగిలినట్టు తగులుతాయి. ఎమ్మెల్యే కిషోర్ బాబు గారు ఆ హాల్లో నిలబడి, మైకు పట్టుకుని ఇచ్చిన మాటలవి. చేసి చూపించిన మాట దానంతటది పోతుంది. మంచినీళ్ళ బోరు పడిన రోజున ఉత్తరం మూల ఖాళీ అయిపోయి, ఆడవాళ్ళు అక్కడ నీళ్ళ డ్రమ్ములు పెట్టుకున్నారు. చేయని మాట అన్నచోటే ఉండిపోతుంది. పాపం, అది మాత్రం ఎక్కడికి పోతుంది? అంతకుముందున్న ఎమ్మెల్యే గారి మాటలు ఒక్కటి కూడా లేవు. ఆయన ఎన్నడూ కారు దిగి లోపలికి రాలేదు, ఏమన్నా బయటే గాలిలో అని పోయేవాడు.

పాలెం ఈ మాటలతో సర్దుకుపోయింది. ముసురు పట్టిన రోజుల్లో కామమ్మ ఐస్ ఫ్యాక్టరీ మీద తడిబట్టలు ఆరేస్తుంది. ముసలాళ్ళు కాలేజీ మీద కూర్చుని పేకాడతారు. తీసేయమని ఎవరూ అనలేదు. అనకపోవడానికి కారణం ఉంది. పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. రేపు వేటకి వస్తానని పడవ దగ్గర ఒకడు మాట ఇచ్చాడంటే, వాడి చోట ఇంకొకణ్ణి ఎక్కించుకోరు. వాడు రాకపోతే ఆ చోటు ఖాళీగానే సముద్రం మీదికి పోతుంది. రాలేనివాడు స్వయంగా వచ్చి, పడవ అంచు మీద చెయ్యి పెట్టి, మాట దించుకుంటున్నానని అనాలి. అప్పుడే ఆ చోటు ఇంకొకరికి వస్తుంది. పెళ్ళాం వచ్చి చెప్పినా చెల్లదు. ఎమ్మెల్యే గారి మాటలకీ పాలెం ఆ మర్యాదే చేసింది. చేస్తానన్నాడు, చోటు ఉంచారు.

ఈ మర్యాద వల్ల నష్టపోయింది కెజియా. కిందటి తుఫానులో జనం షెల్టర్లో పట్టలేదు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ లోపలికి నెట్టి మొగవాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. ఆమె మొగుడు బెన్హర్ అందరికంటే కింది మెట్టు మీద ఉన్నాడు. ఎవరి కప్పుదో సిమెంటు రేకు ఎగిరొచ్చి తుంటి మీద పడింది. ఏరు పొంగి, దాటడానికి ఉన్న చప్టా మునిగిపోయింది. వంతెన లేదు. నీళ్ళు తీసేదాకా ఆసుపత్రికి తీసుకుపోయే దారి లేక, ఎముక దాని ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది. మళ్ళీ ఆపరేషన్ చేస్తే నడుస్తాడని డాక్టరు చెప్పాడు. కాకపోతే ఆ తర్వాత చాలాకాలం రోజూ వచ్చి కాలు ఆడించుకోవాలట. చప్టా ఏడాదిలో సగం రోజులు మునిగే ఉంటుంది, ఆ రోజుల్లో ఊగే పడవలోకి ఎక్కించి దించితే అతికిన ఎముక మళ్ళీ కదులుతుంది, వంతెన ఉంటే తీసుకురండి అన్నాడు. అప్పట్నుంచి బెన్హర్ మంచం మీద పడుకుని వలలు బాగుచేస్తూ, కనపడినవాళ్ళందరినీ తిడుతూ ఉన్నాడు. పాత ఫైబర్ పడవలు వరసగా కట్టి ఏటి మీద దారి వేద్దామని ఒకసారి అన్నాడు కూడా. పాలెం పెద్దని పెద్దకాపు అంటారు, ఆయన ఒప్పుకోలేదు. అక్కడ వంతెన వేస్తానని ఎమ్మెల్యే మాట ఇచ్చాడు, ఆ చోటు ఆయనది అన్నాడు.

కెజియాకి వంతెన కావాలి. వంతెన మాట ఆక్రమించిన జాగా కూడా కావాలి. బెన్హర్‌ని పడుకోబెట్టడానికి మంచమంత జాగా చాలు. తుఫానుల కాలం మళ్ళీ వచ్చేసింది.

ఆమె ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరిగింది. అర్జీ ఇవ్వమన్నారు, ఇచ్చింది. ఇది రెవెన్యూ వాళ్ళది కదమ్మా అన్నారు. రెవెన్యూ వాళ్ళని అడిగితే భవనం పంచాయతీరాజ్‌ది అన్నారు. ఒక ఇంజనీరు వచ్చి, కాలేజీకి మోకాలు కొట్టుకుని, కుంటుతూ హాలంతా కొలిచి, భవనం పటిష్ఠంగా ఉంది, ఆక్రమణలు ఏమీ లేవు అని చెప్పి పోయాడు. చివరికి కిషోర్ బాబు గారే వచ్చారు. కెజియా గోడు అంతా నిలబడి విన్నారు. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. తర్వాత గుమ్మంలో నిలబడి, మైకు పుచ్చుకుని, ఈ హామీలన్నిటినీ వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోపు ఇక్కణ్ణుంచి తీయించేస్తానని అందరి ముందూ మాట ఇచ్చారు. ఆ మాట గుమ్మానికి అడ్డం పడింది. అందుకే అందరూ పక్కకి తిరిగి లోపలికి పోవలసి వస్తోంది. ఆ రోజు కెజియా ఇంటికి పోయి అన్నం కుండ మీద మూత విసిరికొట్టింది.

సమావేశాలు అయిపోయాయి. అసెంబ్లీలో తాను చేసిన పని నియోజకవర్గానికి చెప్పుకోవడం కిషోర్ బాబు గారికి అలవాటు. ప్రతి సమావేశం తర్వాతా ఊరూరా తిరిగి చెబుతారు. పాలెంలో బుధవారం పెట్టుకున్నారు. అల్పపీడనం పట్టి ఉంది, ముసురు కురుస్తోంది. మీటింగు బయట టెంటు కింద పెట్టమని పీఏ అక్బర్‌ని కెజియా ఫోనులో బతిమాలింది. సార్ ఏమన్నా గాలికి పోతుంది, మాకు చోటు మిగులుతుంది అని చెప్పింది. మైకు తడుస్తుందని అతను ఒప్పుకోలేదు.

హాల్లో జనం ఇరుకిరుకుగా కూర్చున్నారు. కిషోర్ బాబు గారు తెల్లచొక్కాలో, గుమ్మంలో ఒళ్ళు తిప్పుకుని లోపలికి వచ్చి, అలవాటు మీద ఐస్ ఫ్యాక్టరీకి తగలకుండా చుట్టూ తిరిగి మైకు దగ్గరికి చేరారు. అసెంబ్లీలో ప్రశ్నోత్తరాల్లో ఏమడిగారో చెప్పారు. రొయ్యల చెరువుల మురుగు ఏటిలోకి వదలడం గురించి జీరో అవర్లో లేవనెత్తానన్నారు. వేట నిషేధ కాలంలో ఇచ్చే భృతి అర్హులందరికీ రాలేదని స్వల్పకాలిక చర్చలో మాట్లాడానన్నారు. చేపలవేట చట్టం సవరణ బిల్లు మీద తాను చేసిన ప్రసంగాన్ని సభ మెచ్చుకుందన్నారు. ఈ మాటలన్నీ వచ్చినట్టే పోయాయి. నిజంగా అడిగాడు, నిజంగా మాట్లాడాడు, అందుకని ఏదీ మిగల్లేదు. మనిషి అబద్ధాలకోరు కాదు. ఆ సంగతి కెజియాకి ఇంకా ఒళ్ళుమండించింది. అబద్ధాలకోరయితే తిట్టుకుని ఊరుకోవచ్చు.

ఆయన ముఖంలోనూ విసుగు కనపడుతూనే ఉంది. అంత చెప్పినా చప్పట్లు లేవు. ముందు వరసలో కెజియా అత్త మగ్దలీనమ్మ ఆవలించింది. వెనకనించి ఎవరో వీధిలైటు సంగతి అడిగారు. పెద్దకాపు లేచి, అసెంబ్లీ సంగతులు బాగుండాయి సార్, వంతెన ఏమయింది అన్నాడు.

కిషోర్ బాబు గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. వంతెన ప్రభుత్వ దృష్టిలో ఉందన్నారు. వచ్చే సమావేశాల్లో సాధించి తీరతానన్నారు. ఆ మాట పోయి వంతెన మీదే పడింది. వంతెన గోడ దగ్గర్నుంచి మూరెడు ముందుకి జరిగింది. మగ్దలీనమ్మ స్టూలుతో సహా పక్కావిడ ఒళ్ళోకి ఒరిగింది. జనం సర్దుకుని కూర్చున్నారు. కెజియా పళ్ళు నూరుకుంది.

సరిగ్గా అప్పుడే జువ్వలదిన్నె హార్బరు నుంచి పెద్దకాపుకి ఫోను వచ్చింది. చెన్నై వైపు పోతుందనుకున్న వాయుగుండం తుఫానై ఇటు తిరిగిందట, సాయంత్రంలోపు తీరం దాటుతుందట. మీటింగు అంతటితో ఆగింది. ఎమ్మెల్యే గారు కారెక్కి చప్టా దాకా పోయి తిరిగొచ్చేశారు. ఏరు చప్టా మీదుగా పారుతోంది. వంతెన లేని ఊళ్ళో ఎమ్మెల్యే చిక్కుబడిపోయినా నవ్వే తీరిక ఎవరికీ లేదు.

మధ్యాహ్నానికి గాలి ఈల వేయడం మొదలుపెట్టింది. పాలెం పాలెమంతా మూటలతో, పిల్లలతో, మేకలతో షెల్టరుకి వచ్చింది. హాలు నిండిపోయింది, మెట్లు నిండిపోయాయి, ఇంకా జనం వస్తున్నారు. నలుగురు మొగవాళ్ళు బెన్హర్‌ని మంచంతో సహా మోసుకొచ్చారు. మంచం గుమ్మంలో పట్టలేదు. నిలువుగా పెట్టి చూశారు, వాలుగా పెట్టి చూశారు. ఖాళీగా కనపడుతున్న గుమ్మంలో మంచంకోడు ఠకీమని తగిలి ఆగిపోతోంది. బెన్హర్ వానలో తడుస్తూ, నొప్పికి పళ్ళు బిగించి, ఈ మాటు ఎవరినీ తిట్టకుండా పడుకున్నాడు. అతను తిట్టకపోవడం చూసి కెజియాకి భయం వేసింది.

ఆమె జనాన్ని తోసుకుంటూ ఎమ్మెల్యే గారి దగ్గరికి పోయింది. ఆయన తుఫాను దాటగానే అన్నీ చూస్తానని నోరు తెరవబోయారు.

"ఇంకేమీ ఇవ్వబాకండి సార్," అంది కెజియా. "ఈడ జాగా లేదు. ఇచ్చినవి దించుకోండి."

దించుకోవడమంటే ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. పెద్దకాపు పడవ కట్టుబాటు చెప్పాడు. ఎవరి మాట వాళ్ళే, దాని మీద చెయ్యి పెట్టి దించుకోవాలన్నాడు. కిషోర్ బాబు గారు చుట్టూ చూశారు. మూలమూలలా ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. అక్బర్ ఆయన చెవిలో, వద్దు సార్, ఈ వీడియో బయటికి పోతే వచ్చేసారి టికెట్ కూడా రాదు అన్నాడు.

"చేయలేనని చెప్పుకోడానికి నన్ను గెలిపించలేదమ్మా మీరు," అన్నారాయన కెజియాతో. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది.

"ఏమీ చేయమనటం లేదు గదా సార్. ఆయన మంచం లోపలికి రావాలంతే."

ఆయన గుమ్మం దాకా పోయారు. అక్కణ్ణుంచి బెన్హర్ కనపడ్డాడు. మంచం మీంచి నీళ్ళు కారుతున్నాయి. కిషోర్ బాబు గారు కనపడని ఆ అడ్డు మీద చెయ్యి పెట్టి, ఎవరికీ వినపడకుండా ఏదో అన్నారు. గట్టిగా అనాలి సార్ అన్నాడు పెద్దకాపు. "హామీలన్నీ తీయిస్తానన్న మాట దించుకుంటున్నా," అన్నారాయన గట్టిగా. చెయ్యి ఒక్కసారిగా ముందుకి పోయి తూలిపడబోయారు. మంచం లోపలికి వచ్చింది.

తర్వాత ఐస్ ఫ్యాక్టరీ దించుకున్నారు. దాని మీదున్న కామమ్మ చీరలు దభీమని నేలమీద పడ్డాయి. కాలేజీ దించుకుంటుంటే దాని మీద కూర్చున్న ముసలాళ్ళు ముందే లేచి నిలబడ్డారు. ఒక్కొక్క దానికీ ఆయన మొహం మరికాస్త వాడిపోయింది. జనం కూడా సంతోషించలేదు. కూర్చోడానికి చోటు దొరుకుతున్నా, కాలేజీ పోయినచోట కూర్చోవాలంటే పిల్లలున్న తల్లులకి మనసొప్పలేదు. కాసేపు ఎవరూ అటు పోలేదు. చివరికి వాన జల్లు లోపలికి కొట్టేసరికి జరిగి కూర్చున్నారు.

ఇక వంతెన మిగిలింది. మెట్ల మీద ఇంకా జనం ఉన్నారు. కామమ్మ మనవరాలిని చంకనెత్తుకుని పైమెట్టు మీద నిలబడి ఉంది. కిషోర్ బాబు గారు తూర్పుగోడ వైపు అడుగు వేశారు. అప్పుడు హాలంతా ఒక్క గొంతుతో మాట్లాడింది. వంతెన ఒక్కటీ ఉంచండి సార్, ఎట్టో సర్దుకుంటాం, దాన్ని మాత్రం దించుకోబాకండి అన్నారు. కాన్పు నొప్పులతో ఏటి గట్టున కూర్చున్నవాళ్ళు ఉన్నారు వాళ్ళలో. పాముకాటుకి మందు అందక బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. పెద్దకాపు కూడా తలవంచుకున్నాడు.

జాగా కోసం ఇన్నాళ్ళు పోట్లాడింది కెజియాయే. వంతెన మాట పోతే బెన్హర్ ఇక నడవడని తెలిసిందీ ఆమెకే. ఇన్నాళ్ళూ ఊడ్చేటప్పుడు ఆ గోడ పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేసి, ఉంది కదా, ఉందిలే అనుకునేది. ఉన్నది వంతెన కాదని తెలుసు. అయినా చేతికి తగులుతుంటే ఒక ధైర్యం. ఇప్పుడు ఆ ధైర్యాన్ని తన నోటితోనే పొమ్మనాలి. ఆమెకి ఏడుపు వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది.

బెన్హర్ మంచం మీంచి తల ఎత్తాడు.

"ఆ మెట్ల మీద నేను నిలబడి చూసినా," అన్నాడు. "ఇంకెవురూ నిలబడకూడదు. దించమను, కెజియా."

కెజియా ఎమ్మెల్యే గారి వైపు తిరిగి తల ఊపింది.

ఆయన రెండు చేతులూ వంతెన మీద పెట్టారు. దించుకుంటున్నా అంటే సరిపోయేది. ఆయన అంతటితో ఆగలేదు.

"వంతెన రాదు," అన్నారు. "నేను అడిగాను. కాదన్నారు. ఇంత చిన్న పాలేనికి అంత వంతెన కుదరదని మంత్రిగారు సభలోనే చెప్పేశారు. అది మీకు ఎట్లా చెప్పాలో తెలీక సాధిస్తా అన్నాను. ఆ మాట దించుకుంటున్నా."

అసెంబ్లీలో జరిగినదాంట్లో పాలేనికి పనికొచ్చే ముక్క అదొక్కటే, పొద్దున మైకు పట్టుకుని ఆయన చెప్పకుండా దాటేసిందీ అదే. తూర్పుగోడ మొదలంటా ఖాళీ అయింది. అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, ఎప్పుడో పోయిన ఒక చెప్పు, చిన్నపిల్ల గాజు కనపడ్డాయి. మెట్ల మీది జనమంతా లోపలికి వచ్చారు. కామమ్మ మనవరాలిని దుమ్ములోనే కూర్చోబెట్టింది. తలుపు మూశారు. ఎమ్మెల్యే గారితో ఎవరూ మాట్లాడలేదు. ఆయన బెన్హర్ మంచం కోడు పక్కన, తెల్లచొక్కా గోడకి ఆనించి కూర్చున్నారు. మగ్దలీనమ్మ మాత్రం అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ గుప్పెడు మరమరాలు ఇచ్చింది.

ఆ గాలికి పాలెంలో కప్పులు లేచిపోయాయి, పడవలు ఇసుకలో కూరుకుపోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు. ఏరు కాస్త తగ్గాక కిషోర్ బాబు గారు పడవలో అవతలి గట్టు చేరి వెళ్ళిపోయారు. పడవ ఎక్కేటప్పుడు ఏదో అనబోయి, నోరు మూసుకున్నారు. వీడియో అప్పటికే ఊళ్ళన్నీ తిరిగింది. అసెంబ్లీలో ఏం చేశాడో చెప్పడానికి పోయి ఏం చేయలేదో చెప్పొచ్చాడని టీవీల్లో నవ్వారు.

పాలేనికి నవ్వు రాలేదు. కోపం తగ్గడానికే వారం పట్టింది. వారం తర్వాత పెద్దకాపు గట్టు మీద నిలబడి ఏటి వైపు చూస్తూ, ఆయన దించుకున్నాడు కదా, ఆ చోటు ఇప్పుడు ఖాళీయే కదా అన్నాడు. ఆ ఏటి మీద ఇన్నేళ్ళూ తాము ఒక కర్రముక్క కూడా వేయకుండా ఎవరికోసం చోటు కాపాడారో పక్కనున్నవాళ్ళకి అప్పుడు తట్టింది. సిగ్గుతో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ శనివారం షెల్టర్ ఊడుస్తూ కెజియా, మంచం మీదున్న బెన్హర్‌తో, మన దారి మనమే కట్టుకుందాం, నువ్వు చెప్పినట్టే, పాత పడవలతో అంది. ఇల్లు బాగయ్యేదాకా వాళ్ళు హాల్లోనే ఉంటున్నారు. అన్నాక, హాల్లో తనూ ఒక మాట ఇచ్చేసిందని నాలుక కరుచుకుంది. వెళ్ళి తూర్పుగోడ దగ్గర కాలు చాపి చూసింది. ఉంది. పీటంత ఉంది. దానికి కాలు కొట్టుకుంది కూడా. బెన్హర్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

అప్పట్నుంచి ప్రతి శనివారం చీపురు ఆ పీటకి తగులుతూనే ఉంది. పని అంత సులభంగా సాగలేదు. పగిలిన పడవలకి మాట్లు వేయాలి, తాళ్ళు తెగిపోతున్నాయి, పాటుకి నీళ్ళు సముద్రంలోకి లాగినప్పుడు వరసంతా పక్కకి కొట్టుకుపోతోంది. పెద్దకాపుకీ కుర్రకారుకీ రోజూ పోట్లాటే. ఎక్కడ ఏ ముడి వేయాలో బెన్హర్ మంచం మీంచి అరిచి చెబుతాడు, ఎవరూ వినరు, మరుసటి రోజు వచ్చి అట్లాగే వేస్తారు. ఒకరోజు అక్బర్ ఫోన్ చేసి, పడవ పడవకీ మధ్య రాపిడికి ఏం పెడుతున్నారని సార్ అడగమన్నారని అడిగాడు. ఏమీ లేదని కెజియా చెప్పింది. పంపుతామని అతను అనలేదు. రెండోనాడు అవతలి గట్టు మీద పాత లారీ టైర్లు పడి ఉన్నాయి.

ఆ తర్వాత చాలా వారాలు కెజియా పీట చుట్టూ విసుక్కుంటూనే ఊడ్చింది. ఒక శనివారం పొద్దున, ఏదో ఆలోచనలో ఉండి, చీపురు తూర్పుగోడ వైపు తోసింది. అది ఎక్కడా ఆగకుండా గోడ మొదలు దాకా పోయి తగిలింది. దుమ్ము లేచి ముక్కులోకి పోయింది. ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయి, చీపురు వెనక్కి తెచ్చి, ఇంకోసారి అటు తోసి చూసింది. ఏటి వైపు నుంచి మొగవాళ్ళ కేకలు వినపడుతున్నాయి. ఈసారి అవి పోట్లాట కేకలు కావు.

చూడ్డానికి ఆమె ఏటి దగ్గరికి పోలేదు. చీపురు మూలన పెట్టి, షెల్టరుకి తాళం వేసి, బాగుచేసుకున్న ఇంటికి పోయి, బెన్హర్ ఆసుపత్రికి కట్టుకుపోయే పంచె తీసి మంచం మీద పెట్టింది.